ఇవాళ్టి డాక్టరు

శాసనసభ భవనంలో మెట్ల కింద, ఒకప్పుడు చీపుళ్ళూ బకెట్లూ పెట్టుకున్న గదికి సున్నం కొట్టి ప్రథమ చికిత్స గది అని బోర్డు తగిలించారు. కొండ మీది క్లినిక్‌ని ఇరవై ఏళ్ళుగా ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న డాక్టరమ్మ ఆ రోజు పొద్దున్నుంచీ అందులో కూర్చుని ఉంది. కాలేజీలో ఆమెకి జూనియరూ, ఇప్పుడు కుటుంబ వైద్యుల సంఘానికి కార్యదర్శీ అయిన పెద్దమనిషి ఆలస్యంగా వచ్చి ఆమె కోటుకి బ్యాడ్జీ గుచ్చుతున్నాడు.

"కదలకక్కా, పిన్ను గుచ్చుకుంటుంది."

"ఇప్పటికే గుచ్చుకుంది. ఏమని రాసుంది దాని మీద?"

"'ఇవాళ్టి డాక్టరు' అని. సభ జరిగినన్నాళ్ళూ రోజుకొకరు. మన సంఘం పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆనవాయితీ ఇది. సభ్యులకి దగ్గొచ్చినా దడొచ్చినా మన డాక్టరే చూడాలి. చూస్తూ చూస్తూ మన గోడు వాళ్ళ చెవిన వెయ్యాలి."

"మరి నిన్నటి డాక్టరు?"

"రాలేదు."

"మొన్నటి డాక్టరు?"

"ఆయన వచ్చాడు గానీ... ఆయన చర్మం డాక్టరులే."

"కుటుంబ వైద్యుల సంఘంలో చర్మం డాక్టరేంటి తమ్ముడూ?"

"సభ్యత్వం ఉందక్కా. కుటుంబంలో అందరికీ చర్మం ఉంటుంది కదా."

"బాగానే ఉంది. ఇంతకీ నన్నెందుకు పిలిచావ్? ఇన్నేళ్ళుగా చందా కడుతున్నా, ఒక్కసారి పిలిచిన పాపాన పోలేదు మీరు."

"అదేంటంటే... పల్లె డాక్టర్లకి ఇది కావాలి అది కావాలి అని ఊదరగొడుతున్నాం కదా. మొన్న సభలో ఒకాయన, సరే, ఒక పల్లె డాక్టర్ని తెచ్చి చూపించండి అన్నాడు. సంఘం అంతా గాలించాం. గాలిస్తే..."

"గాలిస్తే?"

"నువ్వొక్కదానివే తేలావు."

"మూడొందల మంది సభ్యులున్నారుగా?"

"ఉన్నారు. వాళ్ళంతా పల్లె గురించి మాట్లాడతారు. పల్లెలో ఉండేది నువ్వే."

"సంతోషం. చూడు తమ్ముడూ, నేను వచ్చింది నీ బ్యాడ్జీ కోసం కాదు. మధ్యాహ్నం ఖర్చుల కమిటీ కూర్చుంటుంది. మూసెయ్యాల్సిన క్లినిక్‌ల జాబితాలో మాది ఉంది. కమిటీ ఛైర్మన్ కలం తీసి మా పేరు కొట్టేస్తే క్లినిక్ ఉంటుంది. కొట్టెయ్యకపోతే నెలాఖరుకి తాళం. మళ్ళీ డాక్టరు కావాలంటే కొండ దిగి, రెండు బస్సులు మారి..."

"తెలుసక్కా, తెలుసు. అందుకేగా సంఘం ఉన్నది."

"తెలిస్తే మన కోరికల కాగితంలో మా క్లినిక్ ఎక్కడుంది?"

"ఉంది, ఉంది."

"చదువు."

"ఇప్పుడెందుకక్కా, ఎవరైనా వస్తారు..."

"చదవమన్నానా."

"సరే. మొదటిది, సంఘానికి సొంత భవనం. రెండోది, 'మామూలు డాక్టరు' అనే మాట తీసేసి 'కుటుంబ వైద్య నిపుణులు' అని బోర్డు రాసుకునే హక్కు. మూడోది, ఈ భవనం వెనకాల మన కార్లు పెట్టుకోడానికి చోటు..."

"నాకు కారే లేదు."

"రేపు కొన్నాక చోటు లేకపోతే నువ్వే బాధపడతావ్. నాలుగోది, సంఘం వార్షికోత్సవానికి మంత్రిగారు విచ్చేయడం. ఐదోది, పల్లె వైద్యం పట్ల ప్రత్యేక శ్రద్ధ."

"అయిపోయిందా? మా క్లినిక్ ఏదీ?"

"ఐదోదాంట్లో అంతర్లీనంగా ఉందక్కా."

"అంటే?"

"అంటే... లోపల ఉంది. పైకి కనపడదు."

"కడుపులో నులిపురుగులాగా."

"నీకు అన్నీ వేళాకోళమే! అసలు మీ క్లినిక్‌ని జాబితాలో ఎందుకు వేశారో తెలుసా? పడకలు ఖాళీగా ఉంటున్నాయట. రోగులు తగ్గిపోయారట."

"ఖాళీగా ఉంచడమే కదా నా పని! సుగరు ముదరకముందే పట్టుకుంటా. ఆయాసం ఎక్కువ కాకముందే ఇంటికెళ్ళి చూస్తా. గర్భిణీలకి మూడో నెల నుంచీ కాపలా కాస్తా. ఇంక పడకెక్కేది ఎవరు? నేనే కాస్త చేతగానిదాన్నయి ఉంటే ఆ క్లినిక్ ఈపాటికి కళకళలాడిపోయేది, పోస్టుకి ఢోకా ఉండేది కాదు."

"అబ్బ! భలే మాటన్నావక్కా. దీన్ని పత్రికా ప్రకటనలో వేస్తా."

"తమ్ముడూ, నాకు ఏడుపొస్తోంది. నువ్వు ప్రకటన అంటున్నావు."

"ఏడవకు, ఏడవకు. కిటుకు చెబుతా విను. సభ్యుడు వచ్చి కూర్చోగానే ఏం చేస్తావు?"

"ఏంటి బాధ అని అడుగుతా."

"తప్పు. ముందు బీపీ పట్టీ బిగించాలి. బిగించాక ఎక్కడికీ పోలేడు కదా? అప్పుడు మొదలెట్టాలి. ఒకటి, రెండు, మూడు అంటూ గడగడా అయిదూ చెప్పెయ్యాలి. మన సంఘంలో అందరికీ ఇదే శిక్షణ ఇచ్చాం. దీనికి పుస్తకం కూడా వేశాం, ముందుమాట నాదే."

"పట్టీ బిగించి మాట్లాడిస్తే బీపీ పెరుగుతుంది కదరా!"

"పెరిగితే ఇంకా మంచిది. మనిషి కాస్త కంగారు పడతాడు. కంగారు పడ్డవాడు బాగా వింటాడు."

"నువ్వు పేషెంటుని చూసి ఎన్నాళ్ళయింది?"

"నేను వ్యవస్థని చూస్తున్నానక్కా."

"వ్యవస్థకి నాడి ఎక్కడ దొరుకుతుంది?"

"అదిగో మళ్ళీ! పొద్దున్నుంచీ ఎంతమందిని చూశావు, ఎంతమందికి మన కోరికలు చెప్పావు? అది చెప్పు ముందు."

"ఆరుగురిని చూశా. ఇద్దరు సెలవు సర్టిఫికెట్ కావాలన్నారు, ఇవ్వలేదు. నలుగురికి గొంతు నొప్పి. ఇద్దరు అటు పక్షం, ఇద్దరు ఇటు పక్షం. నోరు తెరిపించి చూస్తే నాలుగూ ఒకేలా ఎర్రగా ఉన్నాయి. అరవకండి, ఉప్పునీళ్ళు పుక్కిలించండి అన్నాను."

"కోరికలు?"

"గొంతు నొప్పితో ఉన్నవాడికి కోరికలేంటి, పాపం."

"పాపమా! పాపమంటుంది! అక్కా, నువ్విలా... ఆగు ఆగు. ఎవరో మెట్లు దిగుతున్నారు. అయ్యబాబోయ్, ఆయనే! ఛైర్మన్ గారే! ఖర్చుల కమిటీ! కోటు సరిగ్గా లాక్కో. నమస్కారం సార్! రండి రండి, ఇలా దయచేయండి!"

"ఉండవయ్యా, అరవకు. ముందు ఆ తలుపెయ్యి. ఎవరూ చూళ్ళేదుగా?"

"ఎవరూ చూళ్ళేదు ఛైర్మన్ గారూ. నేను సంఘం కార్యదర్శిని. మొన్న దండ వేశాను, గుర్తుండే ఉంటుంది..."

"దండలు గుర్తుంటాయా? ఏమ్మా, ఇవాళ్టి డాక్టరు నువ్వేనా?"

"నేనే సార్. కూర్చోండి. ఏంటి ఇబ్బంది?"

"ఇబ్బందేం లేదు. ఊరికే. ఓసారి బీపీ చూసెయ్యి, పోతాను. కమిటీ ఉంది."

"తప్పకుండా సార్! అక్కా, పట్టీ, పట్టీ. బిగించు. ఆ... ఇప్పుడు సార్, ఒక్క రెండు నిమిషాలు. మా కుటుంబ వైద్యులు ఈ సమాజానికి వెన్నెముక. అలాంటి వెన్నెముకకి సొంత భవనం లేదు. ఇది ఒకటి. రెండోది..."

"తమ్ముడూ, ఆపు."

"మొదలెట్టిందే ఇప్పుడక్కా. రెండోది సార్, మమ్మల్ని మామూలు డాక్టర్లంటున్నారు. మామూలు! ఇక కార్ల సంగతి..."

"మీ కార్ల సంగతి నాకెందుకయ్యా, ప్రతిసారీ ఇదే పాట! ఎంతమ్మా? ఎంతొచ్చింది?"

"నూట డెబ్బై ఎనిమిది."

"చూశావా! చూశావా! నాకు తెలుసు. ఈ గదికొచ్చినప్పుడల్లా ఇంతే. రాసెయ్యి, ఇంకో మాత్ర రాసెయ్యి."

"ఈ గదికొచ్చినప్పుడల్లానా? ఇంటి దగ్గర చూసుకోరా?"

"ఇంటి దగ్గర ఎందుకు, ఇక్కడ మీరున్నారుగా."

"సార్, ఐదు నిమిషాలు కూర్చోండి. వీపు కుర్చీకి ఆనించండి. పాదాలు నేల మీద పెట్టండి. మీరు మాట్లాడకండి. తమ్ముడూ, నువ్వు అసలే మాట్లాడకు."

"నేనేం..."

"అదిగో."

"..."

"ఐదు నిమిషాలయింది, ఇప్పుడు చూద్దాం. నూట పన్నెండు."

"ఏంటీ? నీ మిషను చెడిపోయిందా?"

"మిషను శుభ్రంగా ఉంది సార్. ఇప్పుడు మెల్లగా లేచి నిలబడండి. మెల్లగా. ఒక్క నిమిషం అలాగే. నూటికి కిందకి పోయింది... సార్? సార్! పట్టుకున్నాను, భయం లేదు. కూర్చోండి. తల కిందకి వంచండి. తమ్ముడూ, మంచినీళ్ళు!"

"అయ్యో, ఛైర్మన్ గారూ! ఇదిగోండి, ఇదిగోండి. కోరికలు తర్వాత చెబుతాలెండి."

"కళ్ళు తిరుగుతున్నాయి కదా మీకు? ఎన్నాళ్ళ నుంచి?"

"తిరగట్లేదు."

"సార్."

"...చలికాలం సమావేశాల నుంచి. లేచినప్పుడల్లా. మొన్న స్నానాల గదిలో పడ్డాను. ఇంట్లో వాళ్ళకి సబ్బు జారిందని చెప్పా. అమ్మా, ఈ మాట ఈ గది దాటకూడదు. ముసలాడికి కళ్ళు తిరుగుతున్నాయట అని పొక్కిందనుకో, వచ్చేసారి మా పార్టీవాళ్ళే నాకు సీటివ్వరు. ఇవ్వకపోగా పండ్ల బుట్ట పట్టుకుని పరామర్శకొస్తారు."

"దాటదు. నా దగ్గరికొచ్చిన వాళ్ళ సంగతి నాతోనే పోతుంది. నిద్ర పడుతోందా?"

"ఏం నిద్రమ్మా! పడుకుంటే లేస్తానో లేదో అని భయం. మోకాలికి ఒక డాక్టరు, కంటికి ఒక డాక్టరు, గుండెకి ఒక డాక్టరు. ముక్కకొకడు ఉన్నాడు నాకు. నిద్ర పడుతోందా అని అడిగినవాడు లేడు."

"జేబులో మాత్రలున్నట్టున్నాయి, గలగలమంటున్నాయి. ఇలా ఇవ్వండి. ఈ తెల్లది?"

"అది మా ఊరి డాక్టరు ఎప్పుడో ఇచ్చాడు. బతికున్నన్నాళ్ళూ మానొద్దన్నాడు."

"సరిగ్గానే అన్నాడు. ఈ గులాబీది?"

"అది ఇక్కడిచ్చిందే."

"ఇక్కడంటే?"

"ఈ కుర్చీలోనే! మీ సంఘం డాక్టరే. నిరుటి సమావేశాల్లో. సొంత భవనం గురించి చెబుతూ బీపీ చూశాడు, ఎక్కువుందని ఇది రాసిచ్చాడు. ఈ పసుపుది చలికాలంలో. అప్పుడొకాయన కార్ల చోటు గురించి చెబుతూ చూశాడు."

"తమ్ముడూ, ఏంటి అటు తిరిగావు?"

"దగ్గొస్తోందక్కా. ఒక్క నిమిషం ఇలా కిటికీ దగ్గరికి రా. సార్, ఒక్క నిమిషం, వైద్య విషయం."

"ఏంటి? త్వరగా చెప్పు."

"నెమ్మదిగా మాట్లాడు. ఇప్పుడే చెప్పకు ఆయనకి."

"ఏది చెప్పొద్దు?"

"అదే... మనవాళ్ళు మాట్లాడి మాట్లాడి బీపీ పెంచి, పెరిగిందని మాత్రలు రాశారని. సంఘం పరువు పోతుంది. శిక్షణ పుస్తకంలో ముందుమాట నాదని చెప్పాగా."

"ఆయన స్నానాల గదిలో పడ్డాడురా. తల పగిలి ఉంటే?"

"పగల్లేదు కదా! విను, నీ మంచికే చెబుతున్నా. ఇప్పుడు ఆయన భయంతో వణికిపోతున్నాడు. నువ్వు కాస్త మొహం సీరియస్‌గా పెట్టు. చూద్దాం సార్, జబ్బు పెద్దదే సార్, నేను చూసుకుంటాలెండి అను. జాబితాలో నీ క్లినిక్ పేరు కొట్టించు. సాయంత్రం మాత్రలు ఆపించు. ఎవరికి నష్టం? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలక్కా."

"ముందు పేరు కొట్టించి, తర్వాత మాత్రలు ఆపించమంటావు..."

"ఆలోచిస్తున్నావా?"

"ఆలోచిస్తున్నా. దేవుడి సాక్షిగా ఆలోచిస్తున్నా. ఆ క్లినిక్ పోతే నేనేమవుతానో, వాళ్ళేమవుతారో..."

"అదీ! ఇప్పుడు దారిలోకొచ్చావు."

"వద్దు. రోగి చెయ్యి నా చేతిలో ఉండగా బేరమాడలేను. నావల్ల కాదు."

"అక్కా, క్లినిక్ పోతుంది!"

"పోతే పోనీ. జరుగు."

"ఏంటమ్మా ఆ గుసగుసలు? నాకు దాచొద్దు. మగాణ్ణి, తట్టుకుంటాను. ఎన్నాళ్ళుంది నాకు?"

"నిండు నూరేళ్ళుంది సార్, ఈ గదికి రాకుండా ఉంటే."

"అంటే?"

"గులాబీదీ పసుపుదీ ఒకే మందు. రంగు వేరు, కంపెనీ వేరు. మీకు రెండూ అక్కర్లేదు. మీ బీపీకి ఆ తెల్లది చాలు. మా సంఘం డాక్టర్లు పట్టీ బిగించి, కోరికలు చెప్పి, మీకు ఒళ్ళు మండించి, ఆ మంటని కొలిచి మాత్ర రాశారు. ఆ మాత్రలకే మీకు కళ్ళు తిరుగుతున్నాయి. తప్పు మాది. సంఘం తరఫున నేను క్షమాపణ అడుగుతున్నా."

"సంఘం తరఫున అని అధికారికంగా కాదు సార్. వ్యక్తిగతంగా అంటోంది."

"నువ్వు ఉండవయ్యా! అమ్మా... అంటే నా గుండెకేం కాలేదా? తలలో గడ్డా గిడ్డా..."

"లక్షణాలేం కనపడట్లేదు. ఈ రెండూ ఇవాళ్టి నుంచి ఆపెయ్యండి. తెల్లది మాత్రం మానకండి. లేచేటప్పుడు నెమ్మదిగా లేవండి. వారం పాటు ఇంటి దగ్గర ప్రశాంతంగా కూర్చుని బీపీ చూసుకుని నాకు ఫోన్లో చెప్పండి. అప్పటికీ కళ్ళు తిరగడం తగ్గకపోతే పరీక్షలు చేయిద్దాం."

"అమ్మా..."

"ఏడవకండి సార్."

"ఏడవట్లేదు. కళ్ళు చెమర్చాయి అంతే. వీలునామా రాసేశానమ్మా నేను! మా తమ్ముడి కొడుక్కి నియోజకవర్గం అప్పజెప్పడానికి కూడా మనసు రాయి చేసుకున్నా. వాడికి చెప్పలేదు, అదృష్టం."

"పట్టీ విప్పేశాను సార్. ఇప్పుడు మీరు పేషెంటు కాదు, నేను డాక్టర్ని కాదు. ఒక్క మాట అడగొచ్చా?"

"పది అడుగు."

"మీ నియోజకవర్గంలో కొండ మీది క్లినిక్ నాదే. ఇవాళ మీ జాబితాలో ఉంది. ఆ పేరు కొట్టెయ్యండి సార్."

"కొండ మీదా? నువ్వు మా కొండ డాక్టరమ్మవా! నిన్నెప్పుడూ చూళ్ళేదే."

"మీరు ఎన్నికలప్పుడు ఎక్కుతారు. మీ మైకు గోలకి నేను తలుపేసుకుంటా, పేషెంట్ల గుండె చప్పుడు వినపడదని."

"బాగుంది, బాగుంది. కానీ అమ్మా, అక్కడ పడకలు ఖాళీ అంటున్నారు కదా. జబ్బులే లేని చోట డాక్టరెందుకు?"

"డాక్టరు ఉంది కాబట్టే పడకలు ఖాళీ సార్. ఇప్పుడు మీకు చేసిందే అక్కడ రోజూ చేస్తున్నా. మీరిప్పుడు పడకెక్కారా? లేదు. మరి నా వల్ల ఉపయోగం లేనట్టేనా?"

"లేకపోవడమేంటి! ఇంత ఉపయోగం నా జన్మలో చూళ్ళేదు. అదే నేనూ ఆలోచిస్తున్నా... కార్యదర్శీ!"

"చెప్పండి ఛైర్మన్ గారూ!"

"ఈ రోజుకొక డాక్టరు బాగోతం ఆపెయ్యండి. రోజుకొకడు వచ్చి రంగుకొక మాత్ర ఇస్తే మా ప్రాణాలు దక్కుతాయా? మనిషిని మొత్తంగా చూసే ఇలాంటి డాక్టరు ఒకరు ఇక్కడే ఉండాలి. ఏడాది పొడుగునా. ఎలాగూ కొండ మీది పోస్టు తీసేస్తున్నాం కదా, ఆ పోస్టునే తెచ్చి ఈ గదిలో పెడదాం. కొత్త ఖర్చు లేదు. కమిటీలో ఎవరూ నోరెత్తరు."

"సార్..."

"చారిత్రాత్మకం! అక్కా, చరిత్ర! ఈ రాష్ట్రంలో కుటుంబ వైద్యానికి శాసనసభలోనే శాశ్వత పోస్టు! మన సంఘం పోరాటం ఫలించిందక్కా!"

"నోర్ముయ్ తమ్ముడూ! సార్, నేను అడిగిందేంటి, మీరు ఇస్తున్నదేంటి? క్లినిక్ నిలబెట్టమంటే డాక్టర్నే ఎత్తుకొస్తానంటారేంటి?"

"నీకు మంచి జరగాలనే కదమ్మా. ఇక్కడ ఫ్యానుంది, లిఫ్టుంది. ఇంటి స్థలం ఇప్పిస్తా."

"నాకొద్దు. నేను రాను."

"సార్, ఒకవేళ అక్క రానంటే, సంఘం శ్రేయస్సు దృష్ట్యా, ఎంత కష్టమైనా, ఆ పోస్టులో కూర్చోడానికి నేను సిద్ధం. నా ఇల్లు ఇక్కడికి రెండు వీధులే."

"నువ్వా? నువ్వు నోరు మూసుకుని బీపీ చూడగలవా?"

"నేర్చుకుంటాను సార్."

"సార్, ఒక్కసారి నా మాట వినండి. అక్కడ కాన్పులున్నాయి, పసిపిల్లలున్నారు. వాన పడితే దారి తెగిపోతుంది. పోయిన వానాకాలంలో ఒక తల్లిని గుమ్మం తలుపు ఊడదీసి దాని మీద మోసుకొచ్చారు నా దగ్గరికి. బతికింది. బిడ్డా బతికింది. నేను లేకపోతే ఎక్కడికి మోసుకెళ్ళాలి ఆ తలుపుని?"

"కష్టమే. కష్టమేనమ్మా. కానీ నలుగురి కోసం ఒక పోస్టంటే మిగతా సభ్యులు ఒప్పుకోరు. అసలు కొండ మీద ఇప్పుడు ఎవరున్నారు చెప్పు? ముసలీ ముతకా తప్ప. వయసులో ఉన్నవాళ్ళంతా పనుల కోసం ఎప్పుడో కిందకి దిగిపోయారు."

"నిజమే. ఎక్కువమంది ముసలివాళ్ళే."

"మరి! వాళ్ళకేముంది, ఇవాళో రేపో. టైమయింది, నే వెళ్తా. మెల్లగా లేవమన్నావు కదూ?"

"మెల్లగా లేవండి. సార్, దిగిపోయిన ఆ వయసువాళ్ళు ఓటెయ్యడానికి మళ్ళీ కొండెక్కుతారా?"

"ఎక్కకేం! బళ్ళు కట్టించుకుని మరీ ఎక్కుతారు. ఎక్కి, ఎదుటివాడికి గుద్ది దిగిపోతారు. వాళ్ళ సంగతి ఎత్తకు, మళ్ళీ బీపీ పెరుగుతుంది."

"ముసలివాళ్ళో?"

"వాళ్ళు మావాళ్ళమ్మా! మా నాన్న నిలబడ్డప్పటి నుంచీ. బంగారం లాంటి మనుషులు. చేతులు వణుకుతున్నా సరే, నా గుర్తు మీదే వేస్తారు."

"పోయినసారి ఎంత తేడాతో గెలిచారు?"

"అదెందుకిప్పుడు?"

"ఊరికే."

"ఏదో... చావు తప్పి కన్ను లొట్టపోయింది. నాలుగొందల చిల్లర."

"మళ్ళీ ఎన్నికలెప్పుడు?"

"ఇంకా రెండేళ్ళుంది. ఎందుకలా చూస్తున్నావు?"

"ఇరవై ఏళ్ళుగా వాళ్ళని మనుషుల్లాగే లెక్కపెట్టుకున్నా సార్. వీళ్ళకి ఆయాసం, వీళ్ళకి సుగరు, వీళ్ళకి గుండె అని. ఇవాళ మొదటిసారి ఇంకోలా లెక్కపెడుతున్నా. సిగ్గుగానే ఉంది. కానీ తప్పట్లేదు."

"ఏంటమ్మా నువ్వనేది?"

"పేర్లు చెప్పను, చెప్పకూడదు. రోజూ నా దగ్గర మందు తింటే తప్ప తెల్లారి లేవని ముసలివాళ్ళు ఆ కొండ మీద ఆరొందల మంది ఉన్నారు."

"ఆరొందలా?"

"కూర్చోండి సార్, కళ్ళు తిరుగుతాయి. మీ మెజారిటీ మొత్తం నా మాత్రల మీదే నడుస్తోంది."